ఉప్పునీళ్ల నత్తలు

మా మేనమామ మద్రాసు నుంచి గాజుతొట్టిలో సముద్రపు నత్తలు తెచ్చిచ్చినాడు. అద్దానికి పట్టిన పాచి తిని బతుకుతాయంట. "నీళ్లు మార్చేటప్పుడు ఉప్పునీళ్లే పొయ్యాల, మంచినీళ్లు పొయ్యొద్దు" అని చెప్పి పోయినాడు. నేనట్లే మార్చినా. రెండు దినాలకే నత్తలన్నీ అడుగున పడి చచ్చినాయి.

నాకు మాతోనే ఉండే మేనత్త మీద అనుమానం. ఇంట్లో నత్తలుంటే దరిద్రమని మొదట్నుంచీ గొణుగుతానే ఉండె. సున్నం కలిపిందేమోనని ఆమె వేళ్లు గూడా చూసినా. నెలపాటు ఆమెతో మాట్లాడలేదు.

మామ మళ్లా వస్తూనే చాడీలు చెప్పినా.

"నీళ్లలో ఉప్పు కలిపినావా?" అన్నాడాయన.

"ఎందుకు? ఆదోనిలో మన బావివి ఉప్పునీళ్లే గదా!"

వంటింట్లో నుంచి మేనత్త గొంతు వినపడింది.

"పేరుకే ఉప్పునీళ్లు, పప్పే ఉడకని నీళ్లవి. నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని గదమ్మీ."