ఈవేళ నీకు నాగా

మా తాలింఖానా మాస్టారు పోయారు. మంగళవారం, పలాసలో, తాలింఖానా బల్ల మీదే. రాస్తున్న నాకే ఈ మాట మీద నమ్మకం కుదరడం లేదు. ఆయన పోయాక కూడా చాలాసేపు మేమంతా ఆయన పక్కనే ఉన్నాం మరి.

మధ్యాహ్నం భోజనం చేసి, మొహం మీద తువ్వాలు కప్పుకుని ఆ బల్ల మీద ఓ కునుకు తీయడం ఆయన అలవాటు. లేపితే వీరంగమే. అందుకని ఎవరూ లేపలేదు. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, బరువులెత్తే ఇనుప బారు నేలకు తగిలితే చప్పుడవుతుందని గోనెసంచులు పరిచి, గుసగుసగా లెక్కపెట్టుకుంటూ కసరత్తు చేశారు. నేను కిటికీ పక్కన కూర్చుని పేపరు చదివాను. మాస్టారికి ఈవేళ మంచి నిద్ర పట్టిందని సంతోషించాను కూడా. దీపాలు పెట్టే వేళకు తువ్వాలు తీశాం.

పాత గుండె జబ్బన్నాడు డాక్టరు. మాకెవరికీ చెప్పలేదాయన. ఆ మధ్యాహ్నపు నిద్రలు కొంతకాలంగా పొడుగవుతున్నాయి. అది గమనించాం. గమనించి, విశ్రాంతి తీసుకోమని మాకు చెప్పే మాట తానూ పాటిస్తున్నారని మురిసిపోయాం.

ఇంతకు మించి ఏం రాయాలో తోచడం లేదు. కానీ రాయక తప్పదు, ఎందుకంటే శవం లేవకముందే ఊరు తీర్పు చెప్పేసింది. బరువులెత్తీ ఎత్తీ పోయాడట! టీ కొట్టు దగ్గరా అదే మాట, రైల్వే గేటు దగ్గరా అదే మాట. మర్నాటికల్లా జనం పిల్లల్ని పంపడం మానేశారు. జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆమె కూతురు కూడా ఆ మానేసినవాళ్లలో ఉంది. ఆదివారం శ్రీకాకుళంలో వెయిట్ లిఫ్టింగు జిల్లా జట్టు ఎంపిక. ఆ పిల్ల ఇన్నాళ్లూ కన్న కల అదొక్కటే. ఇక ఇనుము ముట్టుకోనని దహనం రోజున తండ్రితో చెప్పేసింది.

అయ్యా, తీర్పరులారా, మీలో ఎవరైనా ఒక్కరోజు ఆయన దగ్గర కసరత్తు చేశారా? చేసి ఉంటే తెలిసేది, ఆ మనిషి బరువులు ఎత్తించిన దానికన్నా దింపించిందే ఎక్కువని.

బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక రేకుల షెడ్డులో తాలింఖానా పెట్టారు. మీసం మీద మమకారం మెండు, నోటి మీద అదుపు సున్నా. గుమ్మంలో నిలబడి వచ్చినవాడినల్లా ఒకటే అడిగేవారు, ఈవేళేటి మోసావని. బస్తాలు మోశానన్నా, తోటలో కొబ్బరికాయలు దింపానన్నా జవాబు ఒకటే.

"అయితే నీ కసరత్తు అయిపోనాది. ఈవేళ నీకు నాగా. ఇంటికెల్లి తొంగో."

నాగా అంటే కూలివాడికి భయం. కూలి పోతుంది, మేస్త్రీ తిట్లు మిగులుతాయి. ఆ మాటనే ఈయన మందు చెప్పినట్టు చెప్పేవారు. కండ ఎత్తినప్పుడు పెరగదు, అప్పుడు అది చిరుగుతుంది, తొంగున్నప్పుడే అతుక్కుని పెరుగుతుంది అనేవారు.

నలభై దాటాక నడుం నొప్పితో నేనూ చేరాను. మా జీడి కార్మికుల సంఘం మీటింగులతో నిద్ర చాలక ఎర్రకళ్లతో వెళితే నాకూ నాగాయే. ఒకసారి మండిపోయి వాదనకు దిగాను. విశ్రాంతి తిండికి లోటు లేనివాడి సరుకు, జీడి బట్టీ దగ్గర ఉడికిపోయేవాడికి నాగా చెప్పడం ఎగతాళి అన్నాను. ఆయన బారుకు నూనె రాస్తూ అంతా విన్నారు.

"నిజమే. అందుకని నాకాడ కేకలేత్తావేటి? ఫ్యాక్టరీ గేటుకాడికెల్లి ఎయ్యి. నాను బారు దింపించగల్ను గానీ బస్తా దింపించలేను."

కూలితో కూడిన వారపు సెలవు కావాలని మా సంఘం వేసిన కరపత్రం ఆ తగువులోంచే పుట్టింది. ఆ సెలవు ఇంకా రాలేదు. వచ్చేదాకా నేనూ వదలను.

ఇక ఆ పిల్ల సంగతి. రోజూ వస్తోంది, మనసు పెట్టి చేస్తోంది, అయినా బారు ఛాతీ దాటడం లేదు. మాస్టారు నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. తండ్రి స్టేషను దగ్గర రిక్షా తొక్కుతాడు. ఇంటికి నీళ్లెవరు తెస్తారని ఆయన్ని అడిగారు. పిల్లే. పొయ్యిలోకి కట్టెలు? పిల్లే. పిండి రుబ్బేది? అదీ పిల్లే.

తండ్రికి నవ్వొచ్చింది. "అదీ ఒక పనేటి, మాస్టారూ? ఇనుము మొయ్యొచ్చు గానీ బిందె మొయ్యకూడదేటి?"

"బిందె నీ లెక్కలోకి రాదు. దాని నడుం లెక్కలోకి వత్తాది. నాకాడ ఎత్తాలంటే నీకాడ దింపాల."

మరి నీళ్లెవరు తెస్తారని తండ్రి అడిగితే, నీకు సేతుల్లేవా అన్నారు మాస్టారు. అంతే, వీధంతా పకపకలు. మర్నాడు ఆ తండ్రి రిక్షాలో బిందెలు పెట్టుకుని బోరింగు దగ్గర ఆడవాళ్ల వరసలో నిలబడ్డాడు. సీర కట్టుకు రాలేదేటి బావా అని వరసైనవాళ్లంతా ఆడుకున్నారు. నెల తిరక్కుండానే బారు ఆ పిల్ల తల మీదికి లేచింది.

ఇంటి చాకిరీని కూడా బరువుగా తూచిన మనిషి ఆయన. ఆ మనిషిని బరువులు చంపాయంటారా?

శుక్రవారం సంతాప సభలో ఇదంతా అరిచి మరీ చెప్పాను. షెడ్డు మూసేద్దామన్న పెద్దమనిషి తల దించుకున్నాడే గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల వెనకవరసలో ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆ రిక్షా తండ్రి లేచాడు. సభలో మాట్లాడి ఎరగడు. నా వంకా చూడలేదు, పెద్దమనిషి వంకా చూడలేదు.

"పోటీ ముందురోజు ఏటీ ముట్టుకోకూడదని మాస్టారు సెప్పినారు. రేపు మా గుంటకి నాగా. ఎల్లుండి నానే తీసుకెల్తాను," అని కూర్చున్నాడు.

పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. కాదనలేదు.

శనివారం పొద్దెక్కాక వాళ్ల వీధిలోంచి వెళ్లాను. ఆడవాళ్లు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు, వీధి బోసిగా ఉంది. అరుగు మీద చాప పరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని ఆ పిల్ల నిద్రపోతోంది. పనివేళలో పేదింటి ఆడపిల్ల నిద్రపోవడం ఆ వీధిలో నేనెప్పుడూ చూడలేదు. సంతోషించి సాగిపోవాల్సినవాణ్ని. కాలు సాగలేదు. సైకిలు ఆపి నిలబడి, ఆమె భుజం మెల్లగా లేచి దిగడం చూశాను. మళ్లీ లేచేదాకా ఆగాను.