గట్టిపడని క్లియరు, గట్టిగా చదివిన తోడల్లుడు

కార్ల షెడ్డులో పెయింటరుకి అందరూ పెట్టిన పేరు అద్దం. అతను రంగు కొట్టిన కారు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చని. ఇరవై రెండేళ్లుగా స్ప్రే గన్ పట్టిన చెయ్యి అది. ఆ పేరంటే అతనికి ప్రాణం. పైకి మాత్రం విసుక్కునేవాడు.

అదే షెడ్డులో సొట్టలు తీసేది అతని తోడల్లుడు. పేరు సుత్తి. చేతిలో ఉన్నదాన్ని బట్టి వచ్చిందో, నోట్లోంచి ఆగకుండా వచ్చేదాన్ని బట్టి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు.

ఇద్దరికీ క్షణం పడదు. అద్దం భార్యకి అక్కని చేసుకున్నాడు కాబట్టి సుత్తి వరసకి అన్న. వయసులో మాత్రం రెండేళ్లు చిన్న. "నా వెనక పుట్టినవాణ్ణి అన్నయ్యా అనడానికి నాకు నోరు తిరగదు" అని పెళ్లయిన కొత్తలోనే అద్దం ఇంట్లో తేల్చేశాడు. పదకొండేళ్లుగా "ఇదిగో", "ఏవయ్యా", అదీ కుదరకపోతే ఓ దగ్గు. సుత్తి మాత్రం "ఏం తమ్ముడూ" అని పదిమందిలో తీరిగ్గా పిలిచేవాడు.

ఆ మంగళవారం పొద్దున షెడ్డు యజమానురాలు నల్ల కారు చూడ్డానికొచ్చింది. రెండ్రోజుల కిందట అద్దం దానికి రంగు కొట్టి, పైన క్లియర్ పట్టించాడు. రంగు మీద గాజు పొరలా గట్టిపడాల్సిన పూత అది. ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. తియ్యబోతే రాలేదు. గట్టిగా లాగితే చప్పుడుతో ఊడొచ్చింది. నల్లటి మెరుపులో అయిదు వేళ్లూ, ఉంగరంతో సహా, అచ్చుపడ్డాయి.

"ఇది బానెట్టా, జిగురు డబ్బానా?"

"గాలిలో తేమ ఎక్కువైందండీ."

"ఎండకి మనుషులు మాడిపోతుంటే నీ కారొక్కదానికే తేమా? ఎల్లుండి మధ్యాహ్నం బండి ఇచ్చెయ్యాలి. అప్పటికీ చెయ్యి అంటుకుందనుకో, గన్ ఇంకొకరికిచ్చి నిన్ను కార్లు కడిగే దగ్గర పెడతాను."

అద్దం ఒక్క పరుగున లోపలికెళ్లాడు. హీటరు దీపాలు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. గంటయ్యాక చూస్తే కారు కాలుతోంది, పూత మాత్రం ఇంకా జిగటగానే ఉంది. గరుకు కాగితంతో రుద్దాడు. పొడి రాలలేదు. పెన్సిలు గీత చెరిపినప్పుడు వచ్చే రబ్బరు పొట్టులా ఉండలు కట్టి కాగితానికే అంటుకుంది.

"నీ పుట్టీ దుమ్ము పడబట్టే ఇదంతా!" అని సుత్తి మీద ఒంటికాలి మీద లేచాడు.

"దుమ్ము పడితే గరుకవుతుంది తమ్ముడూ. మెత్తబడదు."

షెడ్డంతా నవ్వింది. అద్దం పళ్లు నూరుకున్నాడు. అసలు సంగతి అతనికి లోలోపల తెలుసు. క్లియర్‌ని గట్టిపరిచేది అందులో కలిపే హార్డెనరు. కిందటి వారం దాని కంపెనీ మారింది. పాత డబ్బా కొలత, నాలుగు పాళ్ల క్లియరుకి ఒక పాలు, చేతికి అలవాటైపోయింది. కొత్త డబ్బా మీద ఏమని రాసుందో అతను చదవలేదు. చదవలేకపోయాడు. రెండేళ్ల నుంచి అక్షరాలు చీమల బారులైపోయాయి. సిరా మిగుల్చుకోవడానికి కంపెనీలన్నీ కూడబలుక్కుని అక్షరాలు చిన్నవి చేస్తున్నాయని అతని అనుమానం. కళ్లజోడు పెట్టుకుంటే సుత్తి నోటికి పండగే కదా!

అందరూ భోజనాలకి లేచాక డబ్బాని గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చాడు. చెయ్యి చాపాడు. చెయ్యి చాల్లేదు. గోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి నడిచాడు.

"ఇంకొంచెం వెనక్కెళ్లు తమ్ముడూ, రోడ్డవతల నుంచి బాగా కనపడుతుందేమో."

సుత్తి! చేతిలో టిఫిన్ డబ్బా, మొహంలో వెలుగు.

అద్దం నేల చూపులు చూశాడు. కార్లు కడిగే గొట్టం కళ్లముందు మెదిలింది. "చదివిపెట్టు" అన్నాడు చివరికి.

"ఎవర్నీ?"

"నిన్నే."

"నేన్నీకేమవుతాను?"

తుప్పుపట్టిన మేకుని పీకినట్టు బయటికొచ్చింది మాట. "అన్నయ్యా."

సుత్తి డబ్బా అందుకుని, గొంతు సవరించుకుని, వీధి చివరికి వినపడేలా చదివాడు. "రెండు పాళ్ల క్లియరుకీ! ఒక పాలు! హార్డెనరూ!"

"అరవకు! నాకు చెముడు లేదు."

"చెవులు బాగున్నాయని తెలుసులే."

తినేవాళ్లు చేతులు కడుక్కోకుండానే బయటికొచ్చారు. "విన్నారా? అద్దానికే అద్దాలు కావాలట!" అన్నాడు సుత్తి వాళ్లతో.

అంటే పడాల్సినదాంట్లో హార్డెనరు సగమే పడింది. ఇక ఎన్ని దీపాలు పెట్టినా అది గట్టిపడదు. ఊడదియ్యాల్సిందే. ఆ మధ్యాహ్నమంతా అద్దం థిన్నరు గుడ్డలతో తుడుస్తూ, రేకుతో గీకుతూ కూర్చున్నాడు. తను కొట్టిన నలుపు కూడా తొక్కలా ఊడివస్తుంటే తన చర్మమే ఒలుచుకుంటున్నట్టుంది. మర్నాడు పొద్దున మళ్లీ నలుపు కొట్టాడు. అది ఆరాక క్లియర్ కలుపుతుంటే సుత్తి పక్కన నిలబడి లెక్కపెట్టాడు. "రెండూ... ఒకటీ..."

"ఇంకొక్క మాట మాట్లాడావా, నీ నోటికీ క్లియర్ కొడతాను."

"కొట్టు. నీ చేతి క్లియరేగా, నోరు గట్టిగా మూసుకోదులే."

గురువారం మధ్యాహ్నం యజమానురాలు బానెట్ మీద అరచెయ్యి నొక్కింది. ఇంకోసారి, బరువంతా వేసి నొక్కింది. చెయ్యి శుభ్రంగా వచ్చింది. అచ్చు లేదు. "బాగుంది. ఇంతకీ మొదట ఏమైంది?"

సుత్తి పని ఆపాడు. మీసం దువ్వుకున్నాడు. ఈ ఒక్క ప్రశ్న కోసం రెండ్రోజులుగా ఇంట్లో భార్య ముందు కథ సాధన చేస్తున్నాడు. అతను నోరు తెరవడం అద్దం చూశాడు. ఆ ఆనందం వీడికి దక్కనిస్తానా అనుకున్నాడు.

"నాకు చిన్న అక్షరాలు కనపడవండీ. కొలత తప్పు కలిపాను. నాదే తప్పు" అన్నాడు గబగబా.

సుత్తి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. "అంటే... డబ్బా మీద నేనే..."

"చదివింది కూడా ఈయనేనండీ" అని ఆ ముక్కా లాగేసుకున్నాడు అద్దం.

యజమానురాలు అతన్ని ఎగాదిగా చూసింది. "సాయంత్రం వెళ్లి కళ్లు చూపించుకో. జోడు లేకుండా గన్ ముట్టుకోకు." సుత్తి వైపు తిరిగి, "నువ్వేదో చెప్పబోయావు?"

"ఏం లేదండీ" అని సుత్తి పక్కనున్న కారు తలుపు మీద ఠంగుమని ఒక్కటేశాడు. ఆ తలుపుకి అప్పటిదాకా ఏ సొట్టా లేదు.