ముందు టీ, తర్వాతే చావు

హడర్స్‌ఫీల్డ్ దగ్గరి ఆ వృద్ధుల హోమ్‌లో బెరిల్ ఓల్డ్‌రాయిడ్‌ది ముప్పై ఏళ్ల సర్వీసు. ఎవరు పోతున్నా పక్కన ఆవిడ ఉండాల్సిందే, పోయాక కిటికీ తెరవాల్సిందే. ప్రాణానికి దారి వదలకపోతే ఎలా? అంతటి మనిషికీ టాబ్లెట్ కంప్యూటర్ చూస్తే మాత్రం చెమటలు పట్టేవి.

కానీ నేర్చుకోక తప్పలేదు. తొంభై ఒక్కేళ్ల విల్ఫ్ ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగాడు మరి.

"మా ఆవిడ డోరీన్ ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద పోయింది, బెరిల్. ఆసుపత్రి వద్దని రాయించుకున్న కాగితమేమో ఇక్కడ సొరుగులో ఉండిపోయింది. నన్ను మాత్రం ఈ మంచం మీద నుంచి కదలనివ్వకు."

ఇప్పుడు ఆఖరి కోరికలు కంప్యూటర్‌లో రాస్తే అంబులెన్సు వాళ్లకూ కనిపిస్తాయి. అది నేర్పడానికి లీడ్స్ నుంచి హ్యారియెట్ వచ్చింది.

"తెర పైన పసుపు గీత ఉంటే అది ప్రాక్టీసుది. ఎవరినో ఒకరిని ఊహించుకుని రాయండి," అంది.

విల్ఫ్ ఉండగా ఊహలెందుకు? బెరిల్ "ఆసుపత్రి వద్దు" నొక్కింది. "నాకు ముఖ్యమైనవి" అన్న గడిలో పూనకం వచ్చినట్టు రాసేసింది: వచ్చినవాళ్లు ముందు టీ తాగాలి, తర్వాతే చావు మాట. తన పెంపుడు పావురాల గురించి అడగాలి. తనకు బొత్తిగా పడని పక్క జిల్లా లాంకషైర్ ఊసెత్తకూడదు. పోయాక కిటికీ తెరవాలి.

పంపేసింది. హ్యారియెట్ వచ్చి చూసి గుండె పట్టుకుంది.

"బెరిల్, పసుపు గీత ఏదీ?"

"ఏ గీతమ్మా?"

టాబ్లెట్లు చాలక బెరిల్ ఆఫీసులోది తెచ్చుకుంది. అది ప్రాక్టీసుది కాదు, అసలుది! ఇంతలో ఫోన్ మోగింది. డాక్టరు.

"సంతకానికి వచ్చింది చూశాను. లాంకషైర్ ఊసెత్తకూడదా? నేను పుట్టిందే అక్కడ. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

అది విని గదిలో నేర్చుకుంటున్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. బెరిల్ ఒక్కతే ఉద్యోగం ఊడిందనుకుని ఏడ్చింది. సాయంత్రం డాక్టరే వచ్చి మొత్తం విల్ఫ్‌కి చదివి వినిపించాడు.

"ఒక తప్పుంది," అన్నాడు విల్ఫ్.

బెరిల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"వట్టి టీ ఇచ్చి పంపుతారా ఎవరైనా? బిస్కెట్ కూడా రాయవే!"

రాసింది. డాక్టరు సంతకం పెట్టాడు.

ఫిబ్రవరిలో విల్ఫ్‌కి ఊపిరాడలేదు. కొత్తగా చేరిన నర్సు కంగారుగా అంబులెన్సు పిలిచింది. స్ట్రెచర్‌తో వచ్చిన భారీ మనిషి తన చేతిలోని టాబ్లెట్ తెర చూసి, స్ట్రెచర్‌ని గోడకు నెట్టి కుర్చీ లాక్కున్నాడు.

"ముందు టీ తాగమని రాసుంది. ఏం పెద్దాయనా, పావురాలు ఎలా ఉన్నాయి?"

ఆయాసంలోనే విల్ఫ్ నవ్వాడు. ఆయాసం తగ్గే మందిచ్చి, బిస్కెట్ నములుతూ ఆ మనిషి ఖాళీ స్ట్రెచర్‌తో వెళ్లిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం తన మంచం మీదే విల్ఫ్ పోయాడు. బెరిల్ కిటికీ తెరిచింది. తర్వాత ఎవరి సాయమూ లేకుండా టాబ్లెట్ తీసి ఆఖరి గడి నింపింది: "ఆసుపత్రికి వెళ్లలేదు. కిటికీ తెరిచాం. అందరం టీ తాగాం, బిస్కెట్‌తో."