పెట్టిన బట్టలకో గది

మా వెనక గదిలో నా బిడ్డ పడుకుంటుంది. సరిగ్గా చెప్పాలంటే, బట్టలు పడుకోగా మిగిలిన జాగాలో పడుకుంటుంది. రెండు ఇనుప పెట్టెలు, కిటికీకి అడ్డంగా ఒక బీరువా, బీరువా మీద మూటలు, సజ్జ మీద సంచులు, మంచం కింద ఇంకొన్ని సంచులు. వీటిలో మేం ఒంటి మీద వేసుకునేది ఒక్కటి కూడా లేదు. అన్నీ పెట్టిన బట్టలు.

మా కరీంనగర్ వైపు మంచికి పోయినా చెడుకు పోయినా బట్టలు పెట్టడం ఉంటుంది. పెళ్లికి పెడతారు, పుట్టువెంట్రుకలకు పెడతారు, కొత్త ఇంటికి పెడతారు, మనిషి పోతే దినాలకూ పెడతారు. ఆడవాళ్లకు బొట్టు పెట్టి చీర, జాకెట్టు ముక్క. మగవాళ్లకు ప్యాంటు షర్టు గుడ్డ. ఏదీ లేకపోతే కనీసం తువ్వాల. ఆ చీర ఎవరూ కట్టరు. ఆ గుడ్డ ఎవరూ కుట్టించుకోరు. అది కట్టుకోవడానికి కొన్నది కాదని, పెట్టడానికి కొన్నదని రంగు చూస్తేనే తెలిసిపోతుంది. దాన్ని భద్రంగా దాచి రేపు ఇంకెవరికో పెట్టాలి. అమ్మకూడదు, పారేయకూడదు, చింపి పొయ్యి తుడవకూడదు. ఈ చట్టం ఎవరు చేశారో నాకు తెలియదు కానీ మా ఇంట్లో దాన్ని అమలు చేసేది మా అత్తమ్మ.

మొన్నటి చలికాలం బిడ్డకు దమ్ము మొదలైంది. నాలుగో తరగతి పిల్ల, మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడేది. ఛాతీలో పిల్లికూతలు. డాక్టరు మందులు రాయకముందే పిల్ల ఎక్కడ పడుకుంటుందని అడిగాడు. చెప్పాను. ముందు ఆ గది ఖాళీ చేయండమ్మా, పాత బట్టల దుమ్ములో పిల్లను పడుకోబెట్టి నా దగ్గరికి తెస్తే నేనేం చేస్తాను అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎన్నేళ్ల నుంచి మొత్తుకుంటున్నాను ఆ గది గురించి! నేను చెబితే అది సణుగుడు. ఫీజు తీసుకుని ఆయన చెబితే వైద్యం.

ఖాళీ చేయడానికి ఒక ఆదివారం కావాలి. వారమంతా నాకు ఉద్యోగానికి పోయొచ్చే పెద్దపల్లి బస్సుకే సరిపోతుంది. ఆదివారం వచ్చిందంటే ఎక్కడో ఒక చోట ఫంక్షన్. పోకపోతే మాట, పోతే ఇంకో చీర. గది సర్దుకోవాల్సిన రోజే గది నింపుకునే రోజు అవుతుంటే ఏ మనిషి మాత్రం ఏం చేస్తుంది?

చివరికి ఒక ఆదివారం కడుపునొప్పి అని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను. పెట్టెలూ మూటలూ తీసి హాల్లో కుప్ప పోశాను. అత్తమ్మ తన దివాను దిగి వచ్చి కుప్ప పక్కన కూర్చుంది. సాయం చేస్తుందేమో అనుకున్నా, నా పిచ్చి కాకపోతే. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టింది.

"గిది మీ పెద్దమామ బిడ్డ లగ్గంల పెట్టింది. గిది బెల్లంపల్లోళ్లది. గీ తువ్వాల మంథని నుంచి అచ్చినోళ్లు పెట్టిండ్రు."

"ఎవ్వలు పెడితేంది అత్తమ్మా, ఆశ్రమంల పిల్లలున్నరు, వాళ్లకిద్దాం" అన్నాను.

"పెట్టిన బట్ట గట్ల ఇయ్యద్దు పిల్లా. మీ మామ పోయిననాడు ఎన్ని ఇండ్లోళ్లు బట్టలు పట్టుకొని అచ్చిండ్రో నీకెరుకనా? వాళ్లు రాకుంటె నేను ఒక్కదాన్నే కూసొని ఏడ్సేదాన్ని."

మామ బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసి పోయిన మనిషి. ఆమె చెప్పింది నిజమే. అబద్ధంతో అయితే గంటసేపైనా వాదించవచ్చు, నిజంతో వాదించడం కంటే విసుగు పుట్టించేది లేదు. సాయంత్రానికి కుప్ప ఎట్లా పోశానో అట్లానే ఉంది. అందులోంచి బయటికి పోవడానికి అనుమతి దొరికింది ఎలుకలు కొరికిన ఒక తువ్వాలకు మాత్రమే.

అప్పుడు మా ఆయన పేపర్ మడిచి నోరు విప్పాడు. "జర ఓపిక పట్టరాదే. వచ్చే నెల అక్క కొత్తింట్లకు పోతుంది గదా. అన్నీ ఆడనే పెట్టేద్దాం."

ఆ మాటకు ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. నిజమే కదా, పారేయకూడదన్నారు కానీ పెట్టకూడదని ఎవరన్నారు? చట్టం దాటకుండానే గది ఖాళీ అవుతుంది. మా వదినె వాళ్లది ఆదిలాబాద్, ఆమె భర్త జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. మేం పుట్టింటివాళ్లం కాబట్టి ఒడిబియ్యం పోసి బట్టలు పెట్టే పని ఎట్లాగూ మాదే. పెద్ద పెద్ద సంచులన్నీ నింపాను. కారు డిక్కీ పట్టక బిడ్డ ఒళ్లో కూడా ఒకటి పెట్టాను.

వదినె ఒడిలో బియ్యం పోయడం కాగానే నేను కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. వదినె అత్తవారికి పెట్టాను, వాళ్ల చుట్టాలకు పెట్టాను, పక్కింటి మరాఠీ ఆడవాళ్లకు పెట్టాను, వంటవాళ్లకు పెట్టాను. గేటు దగ్గర ఎవరినో వెతుక్కుంటూ వచ్చిన పెద్దమనిషికి కూడా తువ్వాల కప్పాను. ఇంత పెద్ద మనసు ఈ కాలంల ఎవ్వలకుంటది అని ఎవరో అంటుంటే నాకు లోపల నవ్వొచ్చింది. ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని అన్నానికి కూర్చున్నాను. తింటూనే మనసులో బీరువా పక్కకు జరిపి, కిటికీ తెరిచి, బిడ్డ మంచం దాని కిందికి వేశాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

బయలుదేరుతుంటే వదినె అడ్డం వచ్చింది. "ఆగుండ్రి. గింతగనం పెట్టినోళ్లను ఉత్తచేతులతోని ఎట్ల పంపుతం?"

మేం అన్నం తింటున్నప్పుడే దుకాణానికి మనిషి పోయి వచ్చాడట. నేను ఎవరెవరికి పెట్టానో వాళ్లంతా వరసగా వచ్చారు. ఈ నేల మీద పుట్టి పెరిగిన నాకు ఇంత చిన్న సంగతి తట్టలేదు చూడండి. పెట్టినవాళ్లకు పెట్టకుండా ఎవరు పంపుతారు? వద్దన్నాను. వద్దనడం కూడా పద్ధతిలో భాగమే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మా పిల్లకు దమ్ము, పెట్టుకోను జాగ లేదు అన్నాను. అయ్యో అని పిల్లకు కూడా ఒక గౌను పెట్టారు. మరాఠీ ఆడవాళ్లు కొబ్బరికాయ, బియ్యం, జాకెట్టు ముక్క నా కొంగులో పోసి, "నకో, వద్దు అనొద్దు వహినీ" అన్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నేను పాత చీర పెట్టినచోట కొత్త చీర వచ్చింది. నా సంచులు చాలక, మిల్లులో పత్తి నింపే బోరెం ఒకటి తెచ్చి అందులో కుక్కి కారు మీద కట్టారు. దారంతా అద్దం పక్కన పత్తి పోగులు ఎగిరాయి.

ఇంటికి రాగానే మా ఆయన బోరెంతో సహా అన్నీ మళ్లీ వెనక గదిలోనే, సజ్జ మీదా మంచం కిందా పెట్టాడు. ఇంకేడ పెట్టాలె అన్నాడు. అలసిపోయి నేనూ ఊరుకున్నాను.

పొద్దున లేచి చూస్తే బిడ్డ వంటింటి గడప దగ్గర చాప పరుచుకుని పడుకుని ఉంది. దిండు కూడా తనే తెచ్చుకుంది. లేపితే దగ్గుతూ, "నేను ఈడనే పండుకుంట అమ్మా. గా రూంల బట్టలనే ఉండనీ" అంది. ఏడవలేదు, అలగలేదు. నాకు తోవ ఇవ్వడానికి కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.

దివాను మీదినుంచి అత్తమ్మ మురిసిపోయింది. "సూడు, నీ బిడ్డకున్న సమజు నీకు లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. అత్తమ్మ మీదా, మా ఆయన మీదా కాదు. తొమ్మిదేళ్లయినా నిండని పిల్ల బట్టలకు జాగా ఇచ్చి తను పక్కకు జరగడం నేర్చుకుంది, ఇంట్లో దానికి మెప్పు కూడా దొరుకుతోంది. ఆ మెప్పు రుచి మరిగితే అది బతుకంతా ఇట్లాగే జరుగుతూ పోతుందని భయమేసింది. వెనక గదిలోకి పోయి బోరెం ఈడ్చుకొచ్చి అత్తమ్మ దివాను మీద పెట్టాను. తర్వాత సంచులు తెచ్చాను. మూటలు తెచ్చి దిండు మీద పెట్టాను. అత్తమ్మ ఒక్కొక్కటి వచ్చినకొద్దీ జరిగి జరిగి చివరికి దిగి నిలబడింది.

"గివన్ని ఈడ పెడితె నేనేడ పండుకోవాలె?" అంది.

ఇన్నేళ్లలో నా బిడ్డ ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. నేను సజ్జ మీద ఇంకా మిగిలినవి దించడానికి స్టూలు తీసుకుని లోపలికి పోయాను.