షెల్టర్ గోడ మీద మీసాలు

తుఫాను షెల్టర్ గోడ మీద బొమ్మలేసి మా ఊరి పిల్లలు యుద్ధభయం పోగొట్టుకున్నారని అందరూ చెప్పుకుంటారు. ఒట్టి మాట. ఆ పిల్లల పక్కన నిలబడి రంగులు కలిపినదాన్ని, నాకు తెలుసు.

మా సఖినేటిపల్లి వైపు ఇంటికొకరైనా గల్ఫ్‌లో ఉంటారు. అక్కడ బాంబులు పడినన్నాళ్ళూ ఇక్కడి పిల్లలు ఫోన్లు పట్టుకునే నిద్రపోయేవారు. యుద్ధం ఆగేక, మనసులో ఉన్నది గీస్తే తేలికపడతారని బడివాళ్ళు పిలిస్తే వెళ్ళేను. తీరా గోడ దగ్గరికొచ్చేసరికి పెద్దలు కొబ్బరిచెట్లూ, గోదావరీ వెయ్యమన్నారు. పిల్లల మనసులో ఏముండాలో కూడా మీరే చెబుతారాండీ అని పోట్లాడేను.

ఐదో తరగతి పిల్ల ఒకతె ఎవరి మాటా వినలేదు. నల్లటి ముఖం వేసి పెద్ద కళ్ళు పెట్టింది. ముఖం ముందు కిటికీ ఊచలు సగం గీసేసరికి పొద్దుపోయింది. అది వాళ్ళమ్మ. గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. బాంబులప్పుడు కరెంటు పోతే ఆవిణ్ణి కింది గదిలో పెట్టి తాళం వేసేరట. ఊచల్లోంచి ఫోన్ బయటికి పెట్టి చేసిన వీడియో కాల్‌లో, ఆ చీకట్లో పిల్లకి కనబడింది ఆ ముఖమే. యుద్ధం ఆగినా యజమాని పాస్‌పోర్టు ఇవ్వలేదు, గడప దాటనివ్వలేదు.

మర్నాడు వెళ్ళేసరికి ఆ ముఖానికి కోరమీసాలు, వేలాడే ఎర్రనాలుక. ఊచలు కాస్తా పళ్ళయ్యాయి. కొత్తగా వెల్లవేసిన గోడకి ఎవరో దిష్టిబొమ్మ వేస్తూ సగంలో వదిలేసేరనుకుని, సర్పంచిగారు పెయింటర్ని పిలిచి పూర్తి చేయించేరు.

పిల్ల ఏడవలేదు. ఆ నాలుకని గోరుతో గీకింది. ఆరిపోయిన రంగు, ఊడలేదు.

సర్పంచిగారింటికి వెళ్ళి, అది వాళ్ళమ్మ, చెరిపించమన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"ఆయ్, పొరపాటైపోయిందండి. కానీ పెట్టిన దిష్టిబొమ్మని తీసేస్తే ఊరికి మంచిది కాదు కదండీ."

"పోనీ, పక్కన మీ ఇంట్లోవాళ్ళ మొహం కూడా వేయిద్దామాండీ?"

వాళ్ళావిడ నా ముందున్న కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చివర్రోజున గోడ ముందు అందర్నీ నిలబెట్టి ఫోటో తీసేరు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది.

"ఈ ఫోటో పంపితే మా అమ్మ తనని గుర్తుపడుతుందాండీ?"

కదలొద్దన్నాడు ఫోటో తీసేవాడు. నేను కదల్లేదు.

ఆ పిల్ల తల్లి ఇవాళ్టికీ ఆ ఇంట్లోనే ఉంది. ఊరికి దిష్టి తగలకుండా ఆవిణ్ణి గోడ మీద కాపలా పెట్టుకున్నాం, బాగానే ఉంది. అక్కడ ఆ తలుపు తీయించి ఆవిణ్ణి ఇంటికి తెచ్చేదెవరు?