కొండ దిగే లెక్క

టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ న్యూట్రల్ బాబాయి అనేవారు. కొండ మీది హోటళ్లకు మనుషుల్ని చేరవేయడం ఆయన పని. ఎక్కేటప్పుడు ఎవరి బండైనా పెట్రోలు తాగాల్సిందే. దిగేటప్పుడు మాత్రం ఆయన న్యూట్రల్లో పడేసి, బ్రేకు మీద కాలు ఆనించి, పాతిక కిలోమీటర్లూ ఊరికే దిగేసేవాడు. ప్రమాదమని ఎందరు మొత్తుకున్నా చెవికెక్కేది కాదు. గురువు నెత్తిన మొట్టికాయలు వేసి నేర్పిన విద్య మరి, అంత తేలిగ్గా వదులుతుందా?

అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఈమధ్య రోజు సంపాదనలో సగం బంకుకే పోతోంది. తెలిసిన గోదాము మేనేజరు ఒకాయన, ఒకటో తారీఖు నుంచి తమ గేటు దగ్గర కాపలా ఉద్యోగానికి రమ్మన్నాడు. ఆ మాట తలుచుకుంటేనే పాపం ఆయనకు ముద్ద దిగేది కాదు. స్టీరింగు తప్ప వేరే లోకం తెలియని మనిషి.

బ్యాంకులో పనిచేసే కూతురు చూడలేక, కొనేముందు నడిపి చూడమని వారం పాటు ఒక ఎలక్ట్రిక్ కారు అద్దెకు తెచ్చిపెట్టింది. లెక్క సులువే. ఇంట్లో పెట్టిన చార్జింగుతో రోజుకు నాలుగు ట్రిప్పులు వేయగలిగితే, కొత్త కారు వాయిదా పోను నాలుగు డబ్బులు మిగులుతాయి. మూడే వస్తే మధ్యలో బయట ఖరీదైన చార్జింగు పెట్టించాలి. అప్పుడు దీనికంటే పాత పెట్రోలు బండే నయం.

ఐదు రోజులూ మూడే వచ్చాయి. ఏసీ కట్టేసి ప్రయాణికుల చేత చీవాట్లు తిన్నా అంతే. భార్య గేటు ఉద్యోగానికని పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి తగిలించింది.

ఆరో రోజు కూతురు సెలవు పెట్టి పక్కన కూర్చుంది. దిగుడు మొదలవగానే ఆయన చెయ్యి దానంతటదే న్యూట్రల్ వైపు పోయింది.

“అదేంటి నాన్నా?”

“దిగేటప్పుడు కరెంటు దండగెందుకమ్మా?”

కూతురు తల పట్టుకుంది. దిగేటప్పుడు చక్రాలు తిరిగి బ్యాటరీని నింపుతాయనీ, న్యూట్రల్లో వేస్తే ఆ దారి మూసేసినట్టేననీ విడమర్చి చెప్పింది. పొదుపు అనుకుంటూ ఐదు రోజులూ ఆయన తన నోట్లో తానే మట్టి కొట్టుకున్నాడు.

ఏడో రోజు చెయ్యి న్యూట్రల్ వైపు జారినప్పుడల్లా దాన్ని తిట్టి వెనక్కి లాక్కున్నాడు. దిగుతున్న కొద్దీ చార్జింగు అంకె పెరుగుతుంటే, వెనక సీట్లో వాళ్లకు ఇష్టం ఉన్నా లేకున్నా చూపించాడు. నాలుగో ట్రిప్పు అయ్యాక కూడా ఎనిమిది శాతం మిగిలింది.

స్టాండులోంచే మేనేజరుకు ఫోన్ చేసి, పనికి రాలేనన్నాడు. జీతం చాలదా అని మేనేజరు అడిగాడు.

“జీతానికేముందండీ, బాగానే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లకి కొండ దిగడం ఇప్పుడే నేర్చుకున్నాను.”