టపాకాయలు కాల్చని రాత్రి

ఒట్టు పెట్టమంటే పెడతాను. పుంగనూరులో మా ఇనుప సామాన్ల అంగడి మీద పెడతాను, మా అమ్మ మీద పెడతాను. ఇది నాకే జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. మందు మీద ఉండి చూసింది అసలే కాదు. నేను తాగనని మీ అందరికీ తెలుసు... ఆ విషయంలోనే కదా నన్ను ఏడిపిస్తారు.

తొంభైల చివరి మాట. శ్రీలంక యుద్ధం నుంచి పడవల్లో తప్పించుకుని వచ్చిన తమిళ కుటుంబాలు సరిహద్దు అవతల, తమిళనాడు వైపు శిబిరాల్లో ఉండేవి. మదనపల్లెలో మేము కొందరం కలిసి, టీచర్లు, ఒక డాక్టరు, నాలాంటి అంగడివాళ్ళు, ఆ పిల్లల కోసం బట్టలూ పుస్తకాలూ పోగు చేసేవాళ్ళం. ఆ ఏడాది డిసెంబరు సెలవుల్లో, కావలసిన అనుమతులన్నీ తీసుకుని, కొందరు పిల్లల్ని వారం రోజులకు కుప్పం దగ్గర ఒక పల్లెకు తెచ్చాం. ఆటలు, పాటలు, బొమ్మలు గీయడం. శిబిరం కంచె బయట నాలుగు రోజులు హాయిగా తిరుగుతారని. మా అమ్మది కుప్పమే, నాకు తమిళం వచ్చు. అందుకని రాత్రి కాపలా నాకు అంటగట్టారు. లోపల పిల్లలకు తోడుగా ఒక టీచరమ్మ పడుకునేది.

బస ఒక పట్టుపురుగుల షెడ్డులో. ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది. పురుగులు లేని కాలం. అవి గూళ్ళు కట్టుకునే పెద్ద పెద్ద వెదురు తట్టలు గోడలకు ఆనించి ఉన్నాయి. ఎంత కడిగినా మల్బరీ ఆకు కుళ్ళిన వాసన పోలేదు. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. మొదటి రోజు వాళ్ళు నవ్వింది అదొక్కసారే.

మొదటి రాత్రే వచ్చింది తంటా. కుప్పం వైపు రాగి కోతకొచ్చిందంటే అడవిలోంచి ఏనుగులు దిగుతాయి. రైతులు మంచెల మీద కాపలా ఉండి, డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి తరుముతారు. మాకు అది పుట్టినప్పటి నుంచి వింటున్న మోత. బాంబుల కింద నుంచి వచ్చిన పిల్లల్ని తెస్తున్నామే, వాళ్ళ చెవులకు అది ఎలా వినపడుతుందో అని మాలో ఒక్కరికీ తట్టలేదు. దీపావళికి టపాకాయల మోత ఉంటుంది వద్దులే, డిసెంబరులో అయితే మేలు అని లెక్కలు వేసిన తెలివిగలవాళ్ళం మేము.

ఢామ్ అంది. వెంటనే ఇంకొకటి. నేను టార్చి వేసుకుని లోపలికి పరుగెత్తాను. పిల్లల చాపల మీద ఒక్కరు లేరు. ఏడుపు లేదు, కేక లేదు... అన్ని చాపలూ ఖాళీ. టార్చి తిప్పితే వెదురు తట్టల వెనకాల కళ్ళు కనిపించాయి. పెద్దపిల్లలు చిన్నపిల్లల నోళ్ళు చేతులతో గట్టిగా మూసి పట్టుకున్నారు. సుగంధి అని ఎనిమిదేళ్ళ పిల్ల. దానికి చెల్లెలూ తమ్ముడూ ఎవరూ లేరు. తన నోరు తానే మూసుకుని నన్నే చూస్తోంది. 

తెల్లవారగానే చుట్టుపక్కల రైతుల దగ్గరికి పోయాను. పిల్లలున్నన్నాళ్ళు టపాకాయలు కాల్చవద్దని బతిమాలాను. దూరంగా చేలున్నవాళ్ళు గొణుక్కుంటూనే సరే అన్నారు. వాళ్ళకు పోయేదేముంది. షెడ్డుకు ఆనుకుని ఉన్న చేను మునెప్పది. యాభై దాటిన మనిషి, కుదిమట్టంగా ఉంటాడు, మాట తక్కువ. ఎకరా రాగి వంగి నిలబడి ఉంది. ఇంకో నాలుగు రోజులు ఎండితే కొయ్యాలని ఉన్నాడు. ఆయన భార్య నరసమ్మ మాత్రం ఊరుకోలేదు.

"టపాకాయ లేకుండా ఏనుగుని ఎట్ల తరమాలప్పా? పాటలు పాడాల్నా?" అంది.

నేను నవ్వేశాను. ఏనుగులు నిన్ననే వచ్చి పోయినాయి కదా, ఇప్పట్లో రావులే అన్నాను. నాకేం తెలుసని అన్నానో. ఏదైనా అయితే ఒక్క కేక వెయ్యన్నా, నేను పక్కనే ఉంటాను, పరుగెత్తుకొస్తాను అని కూడా మునెప్పకు మాటిచ్చాను. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి లోపల బొమ్మలు గీస్తున్న పిల్లల్ని చాలాసేపు చూశాడు. "కాల్చనులే అప్పా," అని వెళ్ళిపోయాడు.

రెండో రాత్రి ప్రశాంతం. మూడో రాత్రీ అలాగే మొదలైంది. పిల్లలు అలసిపోయి పడుకున్నారు. ఆ పగలంతా బాగా నవ్వారు, ఒకరినొకరు తోసుకున్నారు, అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నారు. నేను బయట సిమెంటు కట్ట మీద కంబళి కప్పుకుని కూర్చున్నాను. నా మీద నాకే ముచ్చటేసింది. ఊరంతటినీ ఒప్పించి పిల్లల్ని నిద్రపుచ్చిన మొనగాణ్ణి కదా. ఆఖరి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత కరెంటు పోయింది.

మంచు దిగింది. కుప్పం మంచు తెలుసు కదా... చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. రేకుల అంచు నుంచి బొట్లు పడుతున్నాయి. టప్... టప్... లోపల ఎవరో పిల్లవాడు దగ్గి ఊరుకున్నాడు. చేని వైపు నుంచి ఒకసారి ఏదో విరిగిన చప్పుడైంది, ఎండుకట్టె విరిగినట్టు. చెవులు రిక్కించాను. మళ్ళీ ఏమీ లేదు. ఊళ్ళో కుక్కలు మొరుగుతూ మొరుగుతూ... ఒక్కసారిగా ఆపేశాయి.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. కునుకు పట్టిందేమో కూడా చెప్పలేను. ముందు వాసన వచ్చింది. పచ్చి రాగికంకి నలిపితే వచ్చే వాసన. ఇక్కడ దాకా ఎలా వస్తోందా అనుకున్నాను.

అప్పుడు... పక్కనే గొంతు.

"పిలకాయలు నిద్రపోయినారా అప్పా?"

అడుగుల చప్పుడు లేదు. ఎవరూ నడిచి వచ్చినట్టు లేదు. నా కట్టకు అవతల, గోడ మొదట్లో, నేల మీద ఎవరో ఉన్నారు. కూర్చున్నట్టు లేదు. ఒక పక్కకు ఒరిగి, బరువంతా మోచేతి మీద వేసినట్టుంది ఆకారం. గొంతు మునెప్పదే. అందులో నాకు అనుమానం లేదు... అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. టార్చి ఎత్తాను.

"లైటు వద్దప్పా. బిడ్డలు లేస్తారు."

దించేశాను. ఆ మాట నాకు సబబుగానే తోచింది. అందరూ పడుకున్నారన్నా అన్నాను. లోపలికి పోయి చూసి చెప్పలేదు. కట్ట మీద నుంచి కదలకుండానే చెప్పాను.

ఆయన ఊపిరి వినపడుతోంది. ఆగి ఆగి తీస్తున్నాడు. చలికి అనుకున్నాను. ఏనుగులు గానీ వచ్చినాయా అని అడిగాను.

"వచ్చినాయి."

"చేను?"

"పాయ."

అంతే అన్నాడు. ఏడుపు లేదు, కోపం లేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది విని మీరేమనుకున్నా సరే. ఆ క్షణాన నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనుకున్నాను. ఏనుగులు వచ్చి పోయాయి, చప్పుడు కాలేదు, పిల్లలు లేవలేదు, గండం గడిచింది అనుకున్నాను. ఎకరా రాగి పోయిన మనిషి పక్కనుండగా నేను అలా అనుకున్నాను.

చాలాసేపటికి ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు ఇంకా కిందికి పోయింది.

"ఒక తూరి ఆడికి వచ్చి పోతావా అప్పా?"

నాకు చలి. నాకు ఏనుగులంటే భయం. ఆ మంచులో, ఆ చీకట్లో, అవి ఇంకా చేనులోనే ఉంటే? ఇవేవీ నేను పైకి అనలేదు. పిల్లల్ని వదిలేసి ఎలా వస్తానన్నా అన్నాను. ఎంత బాగా అమిరిందో చూడండి ఆ మాట. లోపల టీచరమ్మ ఉంది, లేపి చెప్పి పోతే సరిపోయేది. ఆమెను లేపాలన్న ఊసే నా నోట రాలేదు.

"పొద్దున్నే వస్తాలే. నువ్వు పో అన్నా," అన్నాను.

టప్... టప్... బొట్లు పడుతున్నాయి.

"సరే అయితే," అన్నాడు.

లేచిన చప్పుడు లేదు. పోయిన చప్పుడు లేదు. కాసేపు ఆగి, చెయ్యి అడ్డం పెట్టి టార్చి వేశాను. గోడ మొదట్లో ఎవరూ లేరు. నేల తడిగా ఉంది. కానీ ఆ రాత్రి ఎక్కడ చూసినా తడే కదా. రాగి వాసన మాత్రం తెల్లవారుజాము దాకా ఉంది. నేను ముఖం మీదికి కంబళి లాక్కుని పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా.

నరసమ్మ కేకకు లేచాను. మొగుడికి రాగిజావ తీసుకుని చేనికి పోయింది ఆమె. నేను పోయేసరికి చేను లేదు. తొక్కిన గడ్డి, బురద. మంచె పక్కకు కూలి ఉంది, ఒక గుంజ మధ్యకు విరిగింది. దాని కింద మునెప్ప. ఒక పక్కకు ఒరిగి, బరువంతా మోచేతి మీద వేసి ఉన్నాడు. తుంటి ఎముక నలిగిపోయింది. నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉన్నాడు. నేను లాగితే పళ్ళ గాట్లతో వచ్చింది. బతికే ఉన్నాడు. బట్టలు మంచుకు తడిసి ఒంటికి అంటుకుపోయాయి.

నలుగురం మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చి, కుప్పం ఆసుపత్రికి జీపులో పంపించాం. నేను షెడ్డుకు తిరిగొచ్చేసరికి సుగంధి గుమ్మంలో కూర్చుని ఉంది. రాత్రి ఎవరితో మాట్లాడావన్నా అని అడిగింది. విరిగిన చప్పుడుకు అది అప్పుడే లేచిందట, ఆ తర్వాత పడుకోలేదట. తట్టల వెనక కూర్చుని అంతా విన్నదట. ఏం విన్నావని అడిగాను. నీ గొంతే విన్నాను, ఇంకెవరి గొంతూ వినపడలేదు అంది. నువ్వు ఏదో అంటున్నావు, ఆగుతున్నావు, మళ్ళీ అంటున్నావు, అంది.

రెండు రోజులాగి ఆసుపత్రికి పోయాను. మునెప్ప కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఎప్పుడు జరిగిందన్నా అని అడిగాను. ఆఖరి బస్సు పోయిన కొంచెం సేపటికే మంచెను తోసేసిందట ఏనుగు. పడినోడు పడినట్టే ఉన్నాడు, జానెడు కూడా జరగలేకపోయాడట. మరి ఒక్క కేక వేసి ఉంటే వినపడేది కదా అన్నాను. అడిగినందుకు నాకే సిగ్గేసింది.

"అరిస్తే పిలకాయలు లేస్తారు గదప్పా," అన్నాడు.

తరవాత తల ఇటు తిప్పి, కొత్తగా అడుగుతున్నట్టు, ఆ గొంతుతోనే అడిగాడు.

"నిద్రపోయినారా అప్పా?"

అందరూ నిద్రపోయినారన్నా, ఒక్కరు కూడా లేవలేదు అని చెప్పాను. ఆయన ముఖంలో ఎంత తృప్తి కనిపించిందో... నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను.

ఆయన ఇప్పటికీ ఉన్నాడు, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఆ రాత్రి గోడ మొదట్లో ఉన్నది ఎవరో నాకు తెలియదు. నిద్రలో నాకు నేనే మాట్లాడుకున్నానని మా డాక్టరు అన్నాడు. అదే నిజం కావాలని నాకూ ఉంది. అలా అయితే నేను రానన్నది ఎవరితోనూ కాదు కదా. మీకు చెప్పినట్టు మునెప్పకు ఎన్నడూ చెప్పలేదు. కుప్పం వైపు పోయిన ప్రతిసారీ ఆయన ఇంటికి పోతాను, ఈసారి చెప్పేద్దామనుకుంటాను, నరసమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేస్తాను. చెబితే ఆయన తప్పకుండా ఒక మాట అడుగుతాడు.

"మరి నువ్వు యాల రాలేదప్పా?"